చేపల తొట్టికి మందు వేసేటప్పుడు కార్బన్ ఫిల్టర్ ఎందుకు తీయాలి? మళ్లీ ఎప్పుడు పెట్టాలి?



ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు చేపల తొట్టి ముచ్చట ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇప్పుడు మనలో చాలామంది ఇంటి దగ్గర, షెడ్డులో, మిద్దె మీద చేపలు పెంచుతున్నారు. కొందరు రంగు చేపలు, కొందరు తినే చేపలు. ఆ తొట్టి నీళ్లు పారబోయకుండా నారుమడికి, ఆకుకూరలకు పోస్తున్నారు. మంచి పద్ధతే. చేప విసర్జించిన అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి, అది మొక్కకు తిండి అవుతుంది. చేప ఆరోగ్యంగా ఉన్నన్ని రోజులు ఇబ్బంది లేదు. జబ్బు వచ్చి మందు వేసిన రోజు నుంచి లెక్క మారుతుంది. అప్పుడు ఫిల్టర్‌లో ఉన్న నల్ల బొగ్గు సంచి చేపకు శత్రువు అవుతుంది. మందు పని అయిపోయాక అదే బొగ్గు మన మడికి కాపలా అవుతుంది. ఈ రెండూ నేను నష్టపోయి నేర్చుకున్నవే. బొగ్గు పనితీరు పై వీడియోలో సీసాల్లో చూపించిన. వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

నేను చేసిన మొదటి తప్పు

రెండేళ్ల కింద డిసెంబర్ చలి. మా నస్పూర్ దిక్కు ఆ నెలలో రాత్రిళ్లు చలి ఎట్లుంటదో మీకు తెలుసు. షెడ్డులో ఉన్న తొట్టి నీళ్లు బాగా చల్లబడ్డాయి. రెండు రోజుల్లో గోల్డ్ ఫిష్ రెక్కల మీద, ఒంటి మీద ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. చేపలు రాళ్లకు ఒళ్లు రాసుకుంటున్నాయి. తెల్ల చుక్కల జబ్బు అని అర్థమైంది. నీలం రంగు మందు తెచ్చి, సీసా మీద రాసిన మోతాదు ప్రకారం సాయంత్రం వేసిన. తొట్టి అంతా నీలంగా మారింది.

తెల్లారి చూస్తే నీళ్లు తేటగా ఉన్నాయి. "మందు చేపలకు బాగా పట్టింది" అనుకున్నా. మళ్లీ ఒక మోతాదు వేసిన. మరుసటి రోజు మళ్లీ తేట. నాలుగో రోజుకు 18 చేపల్లో 11 పోయాయి. అప్పుడు ఫిల్టర్ విప్పి చూస్తే లోపల కార్బన్ సంచి అట్లనే ఉంది. నేను వేసిన మందు చేపకు అందలేదు, సంచికి అందింది. మందు వేస్తున్నా అన్న ధైర్యంతో నాలుగు రోజులు వేరే ఏ జాగ్రత్తా తీసుకోలేదు, అదే పెద్ద నష్టం.

కలుపు మందుల అవశేషాలు బొగ్గుకు అతుక్కుంటాయని అగ్రికల్చర్ డిప్లొమాలో చదివినవాణ్నే. తొట్టి దగ్గర ఆ సంగతి యాదికి రాలేదు.

యాక్టివేటెడ్ కార్బన్ అంటే ఏ బొగ్గు?

మాది బొగ్గు మీద బతికే ఊరు. శ్రీరాంపూర్ గనులు పక్కనే. అందుకే నన్ను చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అన్నా, మన బొగ్గే కడిగి వేస్తే కాదా?" కాదు. మూడు రకాల బొగ్గును వేరుగా చూడాలి.

మొదటిది గని బొగ్గు. ఇందులో గంధకం, బూడిద, ఇతర ఖనిజాలు ఉంటాయి. దీన్ని నేరుగా తొట్టిలో వేయకూడదు. ఫ్యాక్టరీలో దీనితో కూడా యాక్టివేటెడ్ కార్బన్ తయారు చేస్తారు, కానీ అది శుద్ధి చేసి, బట్టీలో కాల్చిన తర్వాత సంగతి.

రెండోది కట్టె బొగ్గు, మనం బయోచార్ అని చేసుకునేది. దీనికి కూడా సన్నని రంధ్రాలు ఉంటాయి, కానీ చాలావరకు తారుతో, బూడిదతో మూసుకుపోయి ఉంటాయి. బూడిద వల్ల నీళ్ల పీహెచ్ కూడా పెరుగుతుంది.

మూడోది యాక్టివేటెడ్ కార్బన్. కొబ్బరి చిప్పలను, కట్టెను లేదా గని బొగ్గును గాలి తగలకుండా కాల్చి, ఆ తర్వాత 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తారు. దాంతో మూసుకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి, కొత్తవి పుడతాయి. ఒక్క గ్రాము కార్బన్ లోపలి గోడలన్నీ పరిచి చూస్తే దాదాపు 1000 చదరపు మీటర్లు వస్తుంది. అంటే నాలుగు గ్రాముల్లో సుమారు ఒక ఎకరం. చిటికెడు బొగ్గులో ఎకరం చెలక దాగి ఉందని అనుకోండి.

ఇది మందును నీళ్లు పీల్చుకునే స్పాంజిలాగ పీల్చదు. మందు అణువులు ఆ లోపలి గోడలకు అతుక్కుంటాయి. దీన్నే అధిశోషణం అంటారు. బొగ్గుతో ద్రావణాల రంగు విరగగొట్టవచ్చని లోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త 1785లోనే గమనించాడు. చక్కెర శుద్ధిలో, మొదటి ప్రపంచ యుద్ధం నాటి గ్యాస్ ముసుగుల్లో, ఇప్పుడు మన ఇంటి నీళ్ల ఫిల్టర్‌లో పనిచేసేది ఈ గుణమే.

మన పల్లెల్లో ఇంకో అనుభవం ఉంది. పురుగుమందు తాగినవాళ్లను సమయానికి ఆసుపత్రికి తీసుకుపోతే, కొన్ని రకాల విషాలకు డాక్టర్లు నల్లటి పొడి నీళ్లలో కలిపి గొట్టం ద్వారా కడుపులోకి పంపుతారు. అదీ యాక్టివేటెడ్ బొగ్గే. రక్తంలోకి పోకముందే విషాన్ని పట్టుకుంటుంది. అయితే ఆ బొగ్గుకు ఇది విషం, ఇది మందు అని తేడా తెలియదు. అదే సమయంలో నోటి ద్వారా ఇచ్చిన మందు గోలీలను కూడా పట్టేసుకుంటుంది. తొట్టిలో జరిగేది సరిగ్గా ఇదే.

తెల్ల చుక్కల జబ్బులో నష్టం ఎందుకు ఎక్కువ?

ఈ జబ్బు చేసేది కంటికి కనపడని ఒక పరాన్నజీవి. చేప ఒంటి మీద తెల్ల చుక్కలా కనపడేటప్పుడు అది చర్మం కింద ఉంటుంది. అప్పుడు ఏ మందూ దాన్ని ముట్టలేదు. బలిసిన తర్వాత కిందికి రాలి, రాళ్లకు, అడుగుకు అంటుకుని, గూడు కట్టుకుని, వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు నీళ్లలో ఈదుతూ కొత్త చేపను వెతుక్కుంటాయి. మందుకు దొరికేది ఆ ఈదే దశలో మాత్రమే.

అన్నీ ఒకే రోజు ఈదవు. నీళ్లు వెచ్చగా 25 డిగ్రీలు దాటి ఉంటే ఈ చక్రం కొద్ది రోజుల్లోనే పూర్తవుతుంది. చలిలో వారాలు కూడా పడుతుంది. కాబట్టి మందు ఒక పూట ఉండి పోతే లాభం లేదు. రోజుల తరబడి సరైన మోతాదులో నీళ్లలో నిలిచి ఉండాలి. కార్బన్ చేసేది అది నిలవకుండా చేయడమే.

కార్బన్ దేన్ని పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది?

ఇది తెలియక చాలామంది బొగ్గు వేస్తే అన్నీ పోతాయని అనుకుంటారు. అన్నీ పోవు.

మిథిలీన్ బ్లూ, మలకైట్ గ్రీన్ లాంటి రంగు మందులను కార్బన్ గట్టిగా పట్టుకుంటుంది. నిజానికి కార్బన్ నాణ్యత కొలిచే పరీక్షల్లో ఒకటి, అది ఎంత మిథిలీన్ బ్లూ పట్టగలదో చూడటమే. ఫ్యాక్టరీ పరీక్షకు వాడే రంగునే మనం తొట్టిలో పోసి, పక్కనే కార్బన్ పెడుతున్నాం అన్నమాట.

చాలా రకాల యాంటీబయాటిక్‌లు, పురుగులకు వాడే మందులు కూడా దీనికి అతుక్కుంటాయి. రాగి మందును కొంతవరకే పట్టుకుంటుంది, దాన్ని నమ్ముకుని ఉండలేం. ఫార్మలిన్‌ను పెద్దగా పట్టుకోలేదు. పొటాషియం పర్మాంగనేట్ అయితే కార్బన్ తగలగానే దానితో చర్య జరిపి దెబ్బతింటుంది. ఎట్లా చూసినా మందు బలం పోతుంది.

ఉప్పును కార్బన్ పట్టుకోదు. అమ్మోనియా, నైట్రైట్, నీళ్ల గట్టితనం, వీటి జోలికీ పోదు. నల్లా నీళ్లలో వచ్చే క్లోరిన్‌ను మాత్రం బాగా తీసేస్తుంది.

బాదం ఆకులు వేసేవాళ్లకు ఒక మాట. ఆ ఆకు నుంచి దిగే టీ రంగును, దానితో పాటు మనం కోరుకున్న గుణాన్ని కూడా కార్బన్ లాగేస్తుంది. ఆకు వేసినప్పుడు కూడా కార్బన్ తీసేయాలి.

మందు వేసే పద్ధతి, వరుసగా

1. ముందు నీళ్లను అనుమానించండి. చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంటే అన్నిసార్లూ రోగం కాదు. అమ్మోనియా పెరిగినా, గాలి చాలకపోయినా అట్లనే చేస్తుంది. అమ్మోనియా పరీక్ష కిట్‌తో చూసుకోండి. నీళ్లు చెడితే ముందు నీళ్లు మార్చాలి, మందు కాదు.

2. వీలైతే జబ్బు చేపలను వేరే టబ్బులోకి మార్చండి. అడుగున మట్టి, మొక్కలు వద్దు. ఒక గాలి రాయి, దాచుకోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క చాలు. మట్టి, మొద్దులు కూడా మందును కొంత తాగేస్తాయి. పైగా మిథిలీన్ బ్లూ ఫిల్టర్‌లోని మంచి సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. జీవామృతంలో సూక్ష్మజీవుల విలువ తెలిసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తెల్ల చుక్కల జబ్బు అయితే పెద్ద తొట్టిలో కూడా పిల్లలు ఉంటాయని మరిచిపోవద్దు. అందులో చేప లేకుండా కొన్ని వారాలు వదిలేస్తే అవి ఆకలితో చస్తాయి.

3. నీళ్ల కొలత సరిగ్గా వేయండి. పొడవు, వెడల్పు, నీళ్ల ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. నా తొట్టి 90, 45, నీళ్ల ఎత్తు 40. అంటే 162 లీటర్లు. రాళ్లు, మట్టి పోను 150 అని లెక్క వేస్తా. అంచనా మీద మూతలు లెక్కపెట్టి పోయవద్దు.

4. మందు వేయకముందు నాలుగో వంతు నీళ్లు మార్చి, అడుగు మురికి తీసేయండి.

5. ఇప్పుడు కార్బన్ సంచిని బయటికి తీయండి. పాతదైనా సరే తీయాలి. రంగు తీసే రెసిన్ సంచులు ఉన్నా తీయండి, యూవీ లైటు ఉంటే ఆపండి. స్పాంజి, సిరామిక్ రింగులు అట్లనే ఉంచాలి, మోటారు నడవాలి. కొందరు కార్బన్ తీయమన్నారని ఫిల్టర్ మొత్తం ఆపేస్తారు. దానివల్ల గాలి అందక ఒక్క రాత్రిలో చేపలు పోతాయి.

కొన్ని ఫిల్టర్లలో దూది, కార్బన్ కలిపి ఒకే డబ్బాగా వస్తాయి. అప్పుడు డబ్బా తీసి ఆ చోట మామూలు స్పాంజి ముక్క పెట్టండి. నెలల పాటు ఉన్న కార్బన్ మీద మంచి సూక్ష్మజీవులు కాపురం పెట్టి ఉంటాయి. అది తీస్తే అమ్మోనియా పెరగవచ్చు. కాబట్టి ఆ వారం మేత తగ్గించండి.

6. మోతాదు సీసా మీద ఉన్నంతే వేయండి. జెల్ల లాంటి పొలుసు లేని చేపలు రంగు మందులకు తట్టుకోలేవు, వాటికి ఏం రాశారో చూసి వేయండి. గాలి ఎక్కువ పెట్టండి. నీళ్లు వెచ్చబెడితే పరాన్నజీవి చక్రం తొందరగా తిరుగుతుంది, కానీ వెచ్చని నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. హీటర్ పెడితే రోజుకు ఒకటి రెండు డిగ్రీల కంటే పెంచకండి.

7. చుక్కలు మాయమైన రోజే మందు ఆపవద్దు. రాలిన చుక్కలు కింద పిల్లలు పెడుతుంటాయి. సీసా మీద చెప్పిన రోజులు పూర్తి చేయండి.

కార్బన్ మళ్లీ ఎప్పుడు పెట్టాలి?

మందు గడువు అయిపోయిన రోజు మూడో వంతు నుంచి సగం వరకు నీళ్లు మార్చండి. తర్వాత కొత్త కార్బన్ పెట్టండి. నల్ల నీళ్లు రావడం ఆగేదాకా ముందు బాగా కడగాలి. నేను నా 150 లీటర్ల నీళ్లకు 150 నుంచి 200 గ్రాములు సన్న జాలి సంచిలో వేసి, నీళ్లు దాని గుండా పారే చోట పెడతా. నీళ్లు పక్క నుంచి పోతే లాభం లేదు. నాలుగైదు రోజుల తర్వాత దాన్ని తీసేస్తా.

మోతాదు పొరపాటున ఎక్కువ పడ్డా, మందు పడగానే చేప పక్కకు ఒరిగిపోతున్నా, కార్బన్ అప్పుడు ప్రాణదాత. ముందు సగం నీళ్లు మార్చి వెంటనే కార్బన్ పెట్టాలి. అందుకే ఒక మూసిన డబ్బాలో కొత్త కార్బన్ ఎప్పుడూ నిల్వ ఉంచుకోండి. తెరిచి పెడితే గాలిలోని వాసనలను, ఆవిరిని పట్టుకుని బలం తగ్గుతుంది.

వాడిన కార్బన్‌ను ఉడకబెట్టి, ఎండబెట్టి మళ్లీ వాడొచ్చా అంటే కాదు. దాని రంధ్రాలు మళ్లీ తెరవాలంటే బట్టీ వేడి కావాలి. మన పొయ్యి సరిపోదు.

రెండో తప్పు: కొత్తిమీర మడి

మరుసటి ఏడు మళ్లీ జబ్బు వచ్చింది. ఈసారి కార్బన్ తీసి, టబ్బులో పెట్టి, పద్ధతిగా మందు వేసిన. చేపలన్నీ బతికాయి. సంతోషంలో ఉన్నా. గడువు అయ్యాక నీళ్లు మార్చి, తీసిన నీళ్లు రెండు బకెట్లలో పట్టి షెడ్డు బయట పెట్టిన. మా అమ్మ రోజూ చేసే పనే చేసింది. చేపల నీళ్లే కదా అని కొత్తిమీర మడికి పోసింది. "బిడ్డా, నీళ్లెందుకో నీలం ఉన్నయ్ రా" అని తర్వాత అడిగింది. తప్పు అమ్మది కాదు, చెప్పనిది నేను.

ఆ కొత్తిమీరకు ఏమీ కాలేదు, పచ్చగానే ఉంది. కానీ మందు లేని ఆకుకూర అని నమ్మి నా దగ్గర కొనేవాళ్లకు దాన్ని ఎట్లా ఇయ్యాలె? ఎవరికీ తెలియదు, నాకు తెలుసు. ఆ మడి మొత్తం పీకి పారేసిన. చేపల మందు సీసా మీద చేపల గురించి రాసి ఉంటుంది, కూరగాయల గురించి ఒక్క మాట ఉండదు. తినే పంటకు ఎన్ని రోజుల తర్వాత క్షేమమో చెప్పేవాళ్లు లేనప్పుడు, పోయకపోవడమే మన పద్ధతి.

అందుకని ఇప్పుడు నా నియమాలు ఇవి:

మందు వేసిన రోజు తొట్టికి ఎర్ర గుడ్డ కడతా. అది ఉన్నన్ని రోజులు ఆ నీళ్లు ఇంట్లో ఎవరూ ముట్టరు.

తీసిన నీళ్లు ఒక డ్రమ్ములో పట్టి, కార్బన్ సంచి, గాలి రాయి వేసి రెండు రోజులు ఉంచుతా. ఆ తర్వాత కూడా పంటకు, చెరువుకు, బావికి, ఇంకుడు గుంతకు పోయను. మురుగు కాల్వకే పంపిస్తా. రంగు పోయినంత మాత్రాన మందంతా పోయినట్టు కాదు, చాలా మందులకు రంగే ఉండదు.

జీవామృతం డ్రమ్ములో మందు నీళ్లు, ముఖ్యంగా యాంటీబయాటిక్ వేసిన నీళ్లు చుక్క కూడా పోయకూడదు. సూక్ష్మజీవులను పెంచడానికి కలిపే ద్రావణంలో వాటిని చంపేది పోసినట్టు అవుతుంది.

ఉప్పు వైద్యం చేసిన నీళ్లకు కార్బన్ పనిచేయదు. ఆ నీళ్లు చెట్ల మొదట్లో పోస్తే నేల పాడవుతుంది.

మందు పట్టిన కార్బన్‌ను కంపోస్టులో, పొలంలో వేయకూడదు. బయోచార్ లాగే ఉంది కదా అనిపిస్తది. కానీ దాని కడుపులో ఉన్నది మందు. ఆరబెట్టి, కవర్లో కట్టి చెత్త బండికి ఇవ్వండి.

బయోచార్ వేసే రైతులకు ఇందులోనే ఒక పాఠం

పచ్చి బయోచార్ నేరుగా పొలంలో వేస్తే మొదటి పంటకు పైరు పసుపు పచ్చగా మారిందని కొందరు రైతులు అంటారు. కారణం ఇదే కుటుంబానికి చెందింది. ఖాళీ కడుపుతో ఉన్న బొగ్గు నేలలోని పోషకాలను ముందు తను పట్టుకుంటుంది. అందుకే దాన్ని జీవామృతంలోనో, పేడ, మూత్రం కలిపిన నీళ్లలోనో కొన్ని రోజులు నానబెట్టి, కడుపు నింపి పొలానికి పంపాలి. బొగ్గు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దానికి ఏది ముందు దొరికితే దాన్ని పట్టుకుంటుంది. ముందు ఏది దొరకాలో చూడాల్సింది మనం.

తినే చేపలు పెంచేవాళ్లకు

కొర్రమీను, తిలాపియా లాంటి తినే చేపలకు రంగు చేపల మందులు వాడకండి. ముఖ్యంగా మలకైట్ గ్రీన్ చేప కండలో నిలిచిపోతుంది. నీళ్లలో కార్బన్ పెడితే నీళ్లు శుభ్రం అవుతాయి కానీ చేప కండలోకి పోయినదాన్ని కార్బన్ తీయలేదు. కోస్తా రొయ్యల రైతులు ఈ బాధ ఎప్పుడో పడ్డారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధిత మందుల అవశేషాలు దొరికితే విదేశాల నుంచి సరుకు తిప్పి పంపుతారు. తినే చేపకు జబ్బు వస్తే మత్స్యశాఖ అధికారిని అడిగి, దేనికి ఎన్ని రోజులు ఆగి పట్టాలో తెలుసుకోండి.

మనవైన కషాయాలతో కూడా జాగ్రత్త. వేప కషాయం, అగ్నిఅస్త్రం ప్రకృతివే కదా అని తొట్టి మీద పడనీయకండి. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, చేపకు అది విషం. వేప కూడా మోతాదు దాటితే చేపను చంపుతుంది.

ఇంట్లోనే చేసి చూడండి

మూడు లీటరు సీసాల్లో నీళ్లు పోసి, ఒక్కో దాంట్లో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేయండి. మొదటి దాంట్లో కడిగిన యాక్టివేటెడ్ కార్బన్ గుప్పెడు, రెండో దాంట్లో పొయ్యి బొగ్గు గుప్పెడు, మూడోది ఖాళీ. మధ్య మధ్య ఊపుతూ తెల్లారేదాకా ఉంచండి. నేను చేసినప్పుడు మొదటిది తేటగా అయింది, రెండోది లేత నీలంగా మిగిలింది, మూడోది మారలేదు. పిల్లలకు చూపించండి, మీ ఇంట్లో ఎవరూ మళ్లీ మరిచిపోరు. ఆ రోజు నాకు ఈ మూడు సీసాలు ఎవరైనా చూపించి ఉంటే 11 చేపలు బతికేవి.

కొత్త కార్బన్ కొన్నా, పాత సంచి ఉన్నా, గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే: మందు లోపల ఉన్నప్పుడు బొగ్గు బయట, మందు పని అయ్యాక బొగ్గు లోపల, ఆ బొగ్గు, ఆ నీళ్లు మాత్రం మన పొలానికి దూరం.